గోడ మీది లెక్క

మా వైపు దుడ్డును లెక్క అంటాం.
"లెక్క ఉండాదా?" అంటే
చేతిలో ఏమన్నా ఆడతా ఉండాదా అని.
అందుకే మేనేజరు
"నీ లెక్క తేలలేదమ్మా" అన్నప్పుడు
ఏ లెక్క గురించి చెప్తా ఉండాడో
రవంతసేపు అర్థం కాలేదు.

ఇరవై మూడు రోజులు.
గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి కాయ బెల్టు మీద వస్తా ఉంటే
తొడిమ కోసి, మచ్చ చెక్కి, మళ్లా ఇంకో కాయ.
సొన పడి ముంజేతులు పొక్కిపోతే
ఇంట్లో గరిటె కూడా గుడ్డ చుట్టి పట్టుకున్నా.
రోజుకు నాలుగొందల ఇరవై.
రాత్రి షిఫ్టుకు బస్సు నిలిపేసిన దినం
"ఆ చీకట్లో నడవలేను సార్" అని మానేసినా.
నడిమధ్యలో మానేసినోళ్లకి
సీజన్ అయినాక ఇస్తామన్నారు.
సీజన్ అయింది.
గేటు పక్కన టెంకల కుప్ప
ఎండి, తడిసి, మొలకెత్తింది.
నా లెక్క మొలవలేదు.

వాచ్‌మన్ జయపాల్ మంచోడే.
"సారు భోంచేస్తా ఉండాడక్కా" అంటాడు.
పొద్దున పదికీ అదే మాట, సాయంత్రం నాలుగుకీ అదే.
ఎంత తింటాడబ్బా ఆ మనిషి!

ఒకసారి లోపలికి పిలిచినాడు.
రిజిస్టరు తిప్పి
"మొగిలీశ్వరి, పద్నాలుగు రోజులు" అన్నాడు.
గ్లవుజులకూ తలకాయ టోపీకీ పట్టుకుంటే
మిగిలేది నువ్వే చూసుకో అన్నాడు.
"కాణిపాకం ఎంత దూరం సార్,
రాండి, ఇద్దరం ప్రమాణం చేద్దాం" అంటిని.
నవ్వినాడు.
నవ్వుతానే రవంత పక్కకి జరిగి
టేబులు మీది వినాయకుడి బొమ్మకు
వీపు పెట్టి కూర్చున్నాడు.

ప్రమాణానికి రసీదు ఇయ్యరు కదా.
చిత్తూరుకు, లేబర్ ఆఫీసుకు పోతిని.
"ఆధారం ఏముందమ్మా?" అనింది మేడమ్.
కార్డు లేదు, చీటీ లేదు.
కూతురి ఫోన్లో ఫోటో చూపించినా:
మా వంటింటి గోడ,
దాని మీద నేను గీసిన బొగ్గు గీతలు.
కండ్లద్దాలు పైకి తోసి, ఫోటో పెద్దది చేసి
"ఏవి పాలు, ఏవి రోజులు?" అనింది.
"అడ్డంవి పాలు మేడమ్, నిలువువి రోజులు.
పాలకు నేను బాకీ. రోజులకు వాళ్లు బాకీ."
ఆమె నవ్వలేదు.
నిలువువి రెండుసార్లు ఎంచి
కాగితం మీద రాసుకునింది.

మూడు వాయిదాలు.
అంటే ఇంకో మూడు దినాల కూలి
వాళ్ల మెట్ల మీదనే పోయింది, దాన్ని ఎవురూ ఎంచరు.
నాలుగోసారికి కవరు తెచ్చినాడు మేనేజరు.
తొమ్మిదివేల ఆరునూట అరవై.
"సరిపోయిందిలే, సంతకం పెట్టు" అన్నాడు.
"ఉండండి సార్" అని
వేలు తడి చేసుకుని ఒక్కో నోటూ ఎంచినా.
మళ్లా రెండోసారి.
రెండోసారి అక్కర్లేదు.
ఊరికే, ఆయన నిలబడి ఉండాడు కదా అని.

కిందికి దిగితే, ఆఖరి మెట్టు మీద సెల్వి.
ఆ పిల్లకూ బాకీనే.
అద్దె ఇంటి గోడ మీద గీత గీస్తే
ఓనరమ్మ ఊరుకోదంట.
"ఎన్ని దినాలు పోతినో గుర్తు లేదక్కా."
పక్కన కూలబడితిని.

"మెషిన్ ఆగిపోయి మనకు టీ పోసిన దినం ఉంటివా?"
"ఉంటి."
చిటికెన వేలు, ఒక గెణుపు.
"గుల్జారక్క వేలు తెగిన దినం?"
"నా పైటకొంగు చించే కదక్కా కట్టింది."
రెండు.
"వానకి లారీలు బురదలో దిగబడిన దినం?"
ఆ పిల్ల కండ్లు మూసుకునింది.
"ఆ పొద్దు చెప్పులు చేతిలో పట్టుకుని నడిస్తి."
మూడు.

ఐదున్నర బస్సు హారను కొట్టి పోయింది.
పోనీ.
ఇంకా చిటికెన వేలు కాడనే ఉండాం.